పూజ ఫోటోకి ఒక లైను

పోయిన వారం నేను పనిచేసిన ఫోటో ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. నంబరు చూడగానే చేతిలో గిన్నె కింద పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని ఎత్తాను. రిటైరయ్యాక ఆ నంబరు నుంచి ఫోను రావడం అదే మొదటిసారి. ఎట్లా ఉన్నానో కనుక్కుందామని చేశారేమో అనుకున్నాను.

"మేడం, నా పేరు కావ్య. దిబ్బూరహళ్ళి మాది. ఇప్పుడు మీ సీట్లో నేనే ఉండాను," అంది ఒక అమ్మాయి. "ఒక డౌటు మేడం. మీరు రాసిన స్క్రిప్టులో ఒక లైను ఉండాది. ఫైలు పేరు pooja అని మొదలైతే చాలు, వెనక యేం రాసినా లోపలికి వదిలేస్తాండాది. మళ్ళా మెషిన్ నిలిపేస్తాండాది. పెళ్ళిళ్ళ సీజను కదా, భరత్ సారు తీసేయమంటాండారు. తీసేస్తే ఇంకేమన్నా చెడుతుందా మేడం?"

"ఏమీ చెడదమ్మా," అన్నాను.

"థ్యాంక్స్ మేడం," అని పెట్టేసింది.

అంతే. భోంచేశారా అని కూడా అడగలేదు. ఆ పిల్లను తప్పుపట్టడం లేదు. నన్ను ఎప్పుడూ చూడలేదు, నేనెవరో తెలియదు. నేను చెప్పింది కూడా నిజమే, ఆ లైను తీసేస్తే స్క్రిప్టుకి ఏమీ చెడదు. కానీ ఫోను పెట్టేశాక గంటసేపు గిన్నె అట్లాగే ఉండిపోయింది. ఆమె అడిగిన దానికి అసలు జవాబు చాలా పొడుగు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కావ్య కోసమే అనుకోండి. ఆమె లాగా ఫైలు పేర్ల ముందు కూర్చునే వాళ్ళు ఇంకెవరైనా చదివితే మంచిదే.

పని ఏమిటంటే

చిక్కబళ్ళాపురంలో మాది కలర్ ల్యాబ్. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళు ఫోటోలు తీస్తారు, ప్రింటు మేము వేస్తాం. నేను చేరినప్పుడు అంతా రీలే. నా పని స్పాటింగ్. ప్రింటు మీద దుమ్ము పడి తెల్ల చుక్కలు వస్తే, సన్నటి కుంచెతో రంగు అద్ది చుక్క కనపడకుండా చేయడం. మా నాన్న సోమేనహళ్ళిలో గుడి అర్చకుడు. ఆయన విగ్రహానికి అలంకారం చేసే ఓపికే నాకు వచ్చిందని మా అమ్మ అనేది. ఆ ఓపిక పెళ్ళికూతుళ్ళ ముఖాల మీద చుక్కలు తీయడానికి పనికొచ్చింది.

తర్వాత రీలు పోయింది, కుంచె పోయింది, కంప్యూటరు వచ్చింది. మా ఓనరు చౌడరెడ్డి గారు నన్ను తీసేయకుండా కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. "బ్రష్షు పట్టిన చెయ్యి, మౌసు పట్టలేదా?" అన్నారు. ఆయనకు నోరు పెద్దది, మనసు కూడా. ఆయన కొడుకే ఇప్పటి ఓనరు భరత్ సారు.

పెళ్ళి చేసుకోలేదు. అమ్మను చూసుకుంటూ ఉండిపోయాను. అమ్మ పోయాక అడిగేవాళ్ళూ లేరు, నాకూ ఆ ధ్యాస లేదు. అయినా రోజంతా ముఖాలే. బాగేపల్లిలో ఎవరింట పెళ్ళయిందో, చింతామణిలో ఎవరి బిడ్డకు చెవులు కుట్టారో, ఆ ఇళ్ళ చుట్టాల కంటే ముందు నాకే తెలిసేది. వాళ్ళకు మాత్రం నేనెవరో తెలియదు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఇది ముందే చెప్పాలి. ఊరందరి ముఖాలూ మీకు గుర్తుంటాయి, మీ ముఖం ఎవరికీ గుర్తుండదు.

ముందొక గోడ, వెనకొక గోడ

ఫైలు పేర్ల గొడవ పెన్‌డ్రైవ్‌లతో మొదలైంది. స్టూడియో వాళ్ళు పెన్‌డ్రైవ్ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళు. తెరిస్తే లోపల "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని ఉండేవి. ఏ సైజు, ఎన్ని కాపీలు అని ఒక్కొక్కరికీ ఫోను చేసి అడగాలి. ఇంటర్నెట్‌లో పంపడం వచ్చాక ఇంకా ఎక్కువైంది. ఒకరి బిడ్డ నామకరణం ఇంకొకరి ఆల్బమ్‌లో పడింది. ఆ రోజు చౌడరెడ్డి గారి అరుపులు రోడ్డు అవతలి టీ అంగడికి వినిపించాయి.

అప్పుడు నేను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ నేర్చుకున్నాను. పేరు చూసి భయపడక్కర్లేదు. ఫైలు పేరు ఎట్లా ఉండాలో ఒక నమూనా రాసి పెడతాం. వచ్చిన పేరు నమూనాలో ఇమిడితే లోపలికి, లేదంటే వాపసు. మేము పెట్టిన నమూనా ఇది: ముందు స్టూడియో గుర్తు మూడు అక్షరాలు, తర్వాత పార్టీ పేరు, సైజు, కాపీల లెక్క. BGP_Reddy_12x18_2.jpg అంటే బాగేపల్లి స్టూడియో, రెడ్డి గారి పెళ్ళి, పన్నెండు పద్దెనిమిది సైజు, రెండు కాపీలు. నేను రాసిన చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, ప్రతి పేరునూ చదివి, సరిపోతే తానే ప్రింటుకు పంపేది. సరిపోకపోతే ఆ ఫైలును "వాపసు" అనే ఫోల్డర్లో పడేసి, "ఫైలు పేరు సరిగా లేదు, సరిచేసి పంపండి" అని స్టూడియోకి మెసేజీ పెట్టేది.

మొదటి దెబ్బ చింతామణి నుంచి తగిలింది. అక్కడి స్టూడియో ఆయనకు సైజు తిరగేసి రాసే అలవాటు. పెళ్ళి ఆల్బమ్ మొత్తం 18x12 అని పంపాడు. నా స్క్రిప్టులో సైజు కోసం పేరులో ఎక్కడో ఒకచోట 8x12 కనిపిస్తే చాలు. 18x12 లోపల 8x12 దాక్కుని ఉంది కదా. ఆల్బమ్ అంతా చిన్న సైజులో వచ్చేసింది. చౌడరెడ్డి గారు తానే చింతామణికి వెళ్ళి, పెళ్ళికూతురి మేనమామ చేత తిట్లు తిని వచ్చారు. వచ్చి నా బల్ల ముందు కూర్చుని నీళ్ళు తాగి, "పద్మమ్మా, వాకిలి పెట్టినావు గానీ గోడలు కట్టలేదే," అన్నారు.

ఆయనకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే ఏమిటో తెలియదు. కానీ సరిగ్గా అదే లోపం. పేరు మొదలయ్యే చోట ^ అని, ముగిసే చోట $ అని పెట్టాలి. అవి లేకపోతే నమూనా పేరు మొత్తాన్ని చూడదు, నడుమ ఒక ముక్క దొరికితే సంతోషపడి వదిలేస్తుంది. చుక్క సంగతి కూడా అంతే. ఊరికే చుక్క పెడితే అక్కడ ఏ అక్షరం ఉన్నా సరేనని అర్థం. నిజంగా చుక్కే కావాలంటే దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. కొత్తగా రాసేవాళ్ళందరూ ఈ రెండు చోట్లా పడతారు. పడండి, తప్పులేదు. కానీ రాసిన నమూనాకు మంచి పేర్లే కాదు, చెడ్డ పేర్లు కూడా ఇచ్చి పరీక్షించండి. నేను అప్పటిదాకా మంచి పేర్లే ఇచ్చి మురిసిపోయాను.

ఫోను ఎత్తొద్దు

గోడలు కట్టాక స్క్రిప్టు గడియారంలా నడిచింది. తప్పు ప్రింటు అన్నది లేదు. చౌడరెడ్డి గారు సంబరపడి ఇంకో నియమం పెట్టారు. స్టూడియోల ఫోన్లు ఎత్తొద్దు, చెప్పాల్సింది ఫైలు పేరులోనే చెప్పాలి. "ఫోను ఎత్తితే మళ్ళా నోటి లెక్కలే వస్తాయి," అన్నారు. న్యాయమే.

అంతకు ముందు రోజంతా ఫోను మోగేది. విసుగొచ్చేది. బాగేపల్లి రామకృష్ణప్ప అయితే పని కంటే ముందు, "యేమమ్మా పద్మమ్మా, టీ తాగినావా?" అనేవాడు. పెద్దాయన, పాత స్టూడియో. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. గొంతే తెలుసు. ఆయన దగ్గరా, ఇంకెవరి దగ్గరా నా సొంత నంబరు లేదు. ఆడపిల్ల నంబరు స్టూడియోల్లో తిరగడం అమ్మకు ఇష్టం ఉండేది కాదు, అమ్మ పోయాకా అదే అలవాటు.

ఫోన్లు ఆగిపోయాక మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం నుంచి చెవులకు తోచలేదు. పొద్దున వెళ్ళి కంప్యూటరు వేస్తే సాయంత్రం దాకా మెషిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. టీ తాగానా లేదా అని అడిగే మనిషి లేడు. నేను రాసిన స్క్రిప్టే నాకు తోడు లేకుండా చేసిందని తెలుసు. ఎవరితో చెప్పుకోను? పని బాగా జరుగుతోందని ఏడ్చేవాళ్ళు ఉంటారా?

వాపసు ఫోల్డరు

ఒక మధ్యాహ్నం ల్యాబ్ వాకిట్లో ఒక ఆవిడ నిలబడింది. పాదాల నిండా దుమ్ము. చేతిలో సెల్లు గట్టిగా పట్టుకుని ఉంది.

"పద్మమ్మ అంటే మీరేనామ్మా?" అంది. "నా పేరు గంగులమ్మ. పాతపాళ్య నించి వచ్చినా. మా ఆయప్ప పోయినాడు. రేప్పొద్దున తిథి. పూజ ఫోటో రాలేదు. రామకృష్ణప్ప సోమారం నించి పంపుతానే ఉండాడంట, మీ మెషిన్ వాపసు కొడుతాండాదంట. నువ్వే పోయి చూడమ్మా, ఆయమ్మ యాడ ఉందో పట్టుకో అన్నాడు."

పూజ ఫోటో అంటే మా వృత్తిలో అందరికీ తెలుసు. మనిషి పోయాక తిథి నాడు, అంటే పెద్దకర్మ రోజున, పూలదండ వేసి దీపం పెట్టడానికి కట్టే ఫ్రేము. దానికి ఈ వైపు ఒక మర్యాద ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు ఎన్ని ఉన్నా పక్కకు పెట్టి, పూజ ఫోటో ముందు వేస్తారు. తొందర పెట్టరు, బేరం ఆడరు. బస్సులో పంపితే డ్రైవరు దాన్ని కాళ్ళ దగ్గర పెట్టడు, పడుకోబెట్టడు, తన పక్కనే నిలబెట్టుకుని తీసుకుపోతాడు. ఇదంతా ఫోన్లో ఒక్క మాటతో జరిగిపోయేది. "అమ్మా, పూజ ఫోటో ఉండాది" అంటే చాలు. ఈ మర్యాదంతా నాకు తెలుసు. కానీ స్క్రిప్టులో రాయాలని తోచలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. తెలిసిన సంగతిని ఎవరు రాస్తారు?

వాపసు ఫోల్డరు తెరిచాను. స్క్రిప్టు పెట్టినప్పటి నుంచి దాన్ని నేను చూడలేదు, చూడాల్సిన పని లేకుండా ఉండడం కోసమే దాన్ని పెట్టింది. రామకృష్ణప్ప ఫైళ్ళు వరసగా ఉన్నాయి, అన్నిట్లో ఒకే ఫోటో. పేర్లు మాత్రం వేరు. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు. "పూజ ఫోటో ఉండాది". "తిథి దగ్గరికొచ్చింది". "పద్మమ్మా స్వల్ప చూడమ్మా". ఆఖరిది, "పద్మమ్మా ఉండావా".

ఫైలు పేరులోనే చెప్పమన్నారు కదా, ఆయన చెప్పాడు.

పైకి పోయే కొద్దీ ఇంకా ఉన్నాయి. ఆయనవే కాదు, వేరే స్టూడియోలవి కూడా. "అక్కా ఎరుపు తగ్గించు". "మా మనవరాలి ఫోటో జాగ్రత్త". "అక్కా బాగుండావా". ఒకటి చింతామణి నుంచి, "కోపం లేదు కదమ్మా". ఆల్బమ్ గొడవ తర్వాతది అయి ఉండాలి. నన్ను ఎవరూ పలకరించడం లేదని నేను కుమిలిపోయిన రోజులన్నిట్లో వీళ్ళు పలకరిస్తూనే ఉన్నారు. ప్రతి పలకరింపుకీ "ఫైలు పేరు సరిగా లేదు" అని నా పేరు మీద జవాబు పోయింది.

నాకు ఏడుపొచ్చింది. గంగులమ్మ తన మొగుడి కోసం ఏడుస్తున్నానని అనుకుని, నా వీపు నిమిరింది.

ఈయప్ప యెవరమ్మా

ఫోటో తెరిచాను. కొత్త బోరులో నీళ్ళు పడుతుంటే ఎవరో సెల్లులో తీసింది. జనం మధ్యలో వెనక వరసలో ఆయన, తలకు టవలు, ముఖం వేలిగోరంత. ఇంకో ఫోటో లేదంది. పెళ్ళినాటిది చెదలు తినేసిందట.

పెద్దది చేస్తే ముఖం మసకబారింది. ఇంత మసక బొమ్మ ల్యాబ్ నుంచి బయటికి పోతే పరువు తక్కువ. నా పాత పనితనం గుర్తుకొచ్చింది. మౌసుతోనే కళ్ళు తీర్చాను, ముక్కు గీత సరిచేశాను, బుగ్గల మీద మచ్చలు తీశాను, టవలు తీసి జుట్టు దువ్వాను. చాలా బాగా వచ్చింది. నిజం చెబుతున్నాను, అంత బాగా నేనెప్పుడూ చేయలేదు. ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాను.

చాలాసేపు చూసింది. తిప్పి చూసింది.

"బాగుండాడు," అంది మెల్లగా. "ఈయప్ప యెవరమ్మా?"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె చేతిలో ప్రింటు చూశాను.

"కోపం చేసుకోవద్దమ్మా. మా ఆయప్ప ఇట్ల ఉండడు. ముందు చూపిస్తివే, ఆ మబ్బుగా ఉండేది, అదే ఇయ్యి. దాంట్లో నవ్వుతాండాడు. బోరులో నీళ్ళు చూసి నవ్వుతాండాడు."

మసక బొమ్మనే ప్రింటు వేశాను. టవలుతో, మచ్చలతో. ఫ్రేము కట్టించి, పేపరు చుట్టి, బాగేపల్లి బస్సు దాకా నేనే వెళ్ళాను. డ్రైవరు అడగకుండానే దాన్ని తీసుకుని తన పక్కన నిలబెట్టుకున్నాడు. గంగులమ్మ వెనక సీట్లో కూర్చుని, బస్సు కదిలేదాకా నన్ను చూస్తూ ఉంది. "టీ తాగి పోమ్మా, మొకం వాడిపోయుండాది," అంది కిటికీలోంచి. తిథి పెట్టుకున్న మనిషి నాకు చెప్పింది ఆ మాట.

ల్యాబ్‌కు తిరిగొచ్చి ఫోనెత్తి రామకృష్ణప్పకు చేశాను. "ఉండానప్పా," అన్నాను. ఫోటో బస్సెక్కిందని చెప్పాను. "నమూనా ప్రకారం పేరు రాసుంటే పోయేది కదప్పా," అన్నాను.

"పోయిన ఆయప్ప పేరు రాసి, పక్కన ఒక కాపీ అని యెట్ల రాసేదమ్మా? చెయ్యి రాలేదు," అన్నాడు.

చుక్క, నక్షత్రం

మర్నాడు చౌడరెడ్డి గారికి అంతా చెప్పాను. స్క్రిప్టు తీసేద్దామంటానని భయపడ్డారు. తీసేయక్కర్లేదు, ఒక్క లైను చేరిస్తే చాలన్నాను. ^pooja.*$ అన్నదే ఆ లైను. పేరు pooja అని మొదలైతే చాలు. తర్వాత చుక్క, నక్షత్రం. అంటే ఏమైనా రాయండి, ఎంతైనా రాయండి, లేదా ఏమీ రాయకండి. మిగతా నమూనాలో నేను భయపడి గీత పెట్టి కట్టేసిన చుక్కను ఇక్కడ కావాలనే విప్పేశాను.

కానీ లోపలికి వదిలేస్తే సరిపోదు. అందుకని ఆ పేరుతో ఏది వచ్చినా మెషిన్ ఆగిపోయి, ఫోటో స్క్రీను మీదికి వస్తుంది. సీట్లో ఉన్న మనిషి దాన్ని చూసి, "చూశాను" అనే బటన్ నొక్కేదాకా వెనకున్న ఫైళ్ళేవీ కదలవు. భరత్ సారుకు తలనొప్పి అయింది ఇదే. వాళ్ళ నాన్నకు ఈ సంగతి చెప్పినప్పుడు, తలెత్తకుండా, "మెషిన్ నిలిస్తే నిలవనీ. మా అమ్మ ఫోటోకి నిలవలేదా?" అన్నారు. అప్పుడు నిలిచింది. నాకు గుర్తుంది.

చిన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. నమూనా అంటే మీరు ఎదురుచూసే పేర్ల బొమ్మ. మనుషులు మీరు ఎదురుచూసినట్టే వస్తారని నమ్మకండి. ఎంత గట్టి గోడలైనా కట్టుకోండి, కానీ వాపసు పోయినవాటిని రోజుకొకసారి మనిషి కళ్ళతో చూడండి. వాపసు ఫోల్డరు చూడని మనిషికి స్క్రిప్టు రాసే హక్కు లేదని నా అభిప్రాయం. కోపం వచ్చినా సరే.

కావ్యకి

ఇంతవరకూ రాసి నిన్న ఆపాను. ఇది చదివే ఓపిక ఆ పిల్లకు ఉంటుందా అనిపించింది. అప్పటికే లైను తీసేసి ఉంటుందేమో అని కూడా. ఫోను చేసి అడగొచ్చు. అడగలేదు. అడిగితే రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తుంది.

మా ఇంట్లో అందరి ఫోటోలూ ఉన్నాయి, నాది లేదు. ల్యాబ్‌లో పనిచేసిన మనిషికి ఫోటో లేదంటే నవ్వుతారు. నాది కావాల్సిన రోజున పంపేవాళ్ళు ఎవరన్న ఆలోచన ఈ మధ్య తరచుగా వస్తోంది. తమ్ముడు లేడు, చెల్లెలు లేదు. పక్కింటి వాళ్ళకు నా పేరు కూడా సరిగా తెలియదు. సరే, నేనే పంపితే పోలేదా అనుకున్నాను. సెల్లు ఎత్తిపట్టి నా ఫోటో నేనే తీసుకున్నాను. మసగ్గానే వచ్చింది. pooja_padmamma అని పేరు పెట్టి ల్యాబ్‌కు పంపేశాను.

చేసింది మంచి పని కాదు. అయినా చేశాను. లైను ఉందో లేదో చూడడానికి అని నాకు నేను చెప్పుకున్నాను.

టీ పెట్టుకుందామని లేచానో లేదో ఫోను మోగింది.

"మేడం! యేమైంది? ఎవరు మాట్లాడేది? పద్మ మేడం ఇంట్లోనేనా ఇది?" కావ్య గొంతు.

"నేనేనమ్మా. బాగానే ఉండాను."

"మరి ఈ ఫోటో ఎవరు పంపినారు?"

"నేనే."

అంతే, తిట్టడం మొదలుపెట్టింది. "ఇట్లాంటి పని చేస్తారా మేడం? పూజ అని పెట్టి మొకం వస్తే నేనేమనుకోవాల? ఆ లైను తీసేద్దామనే ఇప్పుడు కూర్చున్నా. మీరొచ్చి స్క్రీను మీద నిలబడినారు. కింద మీ పేరు లేకపోతే నాకి మీరెవరో కూడా తెలియదు."

"అందుకే ఉండాది తల్లీ ఆ లైను," అన్నాను.

ఆమె ముక్కు ఎగబీల్చుకుంది. ఇప్పుడు ఈ ఫైలు ఏం చేయాలని అడిగింది. బటన్ నొక్కు, మెషిన్ కదులుతుంది అన్నాను. నొక్కను అంది. ఒంటరిగా ఉంటారా అంది. పొద్దున ఏం తిన్నారు అంది. వాళ్ళ దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే ఆఖరిసారి పొర విడిచి, లేచాయట, మల్బరీ ఆకు చాలడం లేదట, అదీ చెప్పింది. ఆదివారం కెమెరా తెచ్చి మంచి ఫోటో తీస్తానంది, ఈ ఫోటోలో నేను బాగా లేనట.

"భరత్ సారు అరుస్తారేమో, పెళ్ళి ఆల్బమ్‌లు నిలిచిపోయుంటాయి," అన్నాను.

"నిలవనీ మేడం," అంది. "టీ తాగినారా?"